బ్లాక్ ఫారెస్ట్‌లో కాలినడక: సందేహాలు – సమాధానాలు

మూడు వారాల సెలవు దొరికింది. ఫోర్ట్స్‌హైమ్ నుంచి బాసెల్ దాకా వెస్ట్‌వేగ్ అనే కాలిబాటలో నడవాలని ఉంది. టెంట్ కొన్నాను. అడవిలో ఎక్కడైనా వేసుకోవచ్చా? రోజుకి ఎంత నడవాలి?
– ఐటీ ఉద్యోగి, స్టుట్‌గార్ట్

వేసుకోకూడదు. అడవిలో నడవడానికి ఎవరికైనా హక్కుంది గానీ టెంట్ వేస్తే జరిమానా పడవచ్చు. టెంట్ల కోసమే కేటాయించిన ట్రెక్కింగ్ క్యాంపులు కొన్ని ఉన్నాయి. ముందే బుక్ చేసుకోవాలి, ఒక్కో చోట ఒక్క రాత్రే. నన్నడిగితే టెంట్ ఇంట్లోనే ఉంచి, ఊళ్లలోని గెస్ట్‌హౌస్‌లలో దిగండి. వీపు మీద బరువు తగ్గుతుంది. పైగా చాలా ఊళ్లలో బస చేసినవాళ్లకి కోనుస్ కార్డు ఇస్తారు. దాంతో ఆ ప్రాంతపు బస్సులు, లోకల్ రైళ్లు ఉచితం. మోకాలు పట్టేసిన రోజు దాని విలువ తెలుస్తుంది.

దారి సుమారు 285 కిలోమీటర్లు. 1900 నాటి నుంచీ ఉన్నది. ఎర్ర డైమండ్ గుర్తు పట్టుకుని పోతే తప్పిపోయే పనే లేదు. అలవాటున్నవాళ్లు పన్నెండు పదమూడు రోజుల్లో ముగిస్తారు. మీరు రోజుకి పదిహేను, పదహారు కిలోమీటర్లు పెట్టుకుని, మధ్యలో రెండు మూడు రోజులు కాళ్లకి సెలవివ్వండి. అందరూ 1,493 మీటర్ల ఫెల్డ్‌బెర్గ్ శిఖరాన్ని చూసి భయపడతారు. అసలు పరీక్ష హౌసాఖ్ దగ్గర. లోయలో 240 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరి నుంచి 789 మీటర్ల ఫారెన్‌కోఫ్ మీదికి ఏకబిగిన ఎక్కాలి. ముందు రోజు తక్కువ నడవండి.

టిటిజే దగ్గర దారి రెండుగా చీలుతుంది. పడమటి దారే పట్టండి. ఫెల్డ్‌బెర్గ్, బెల్షెన్ శిఖరాలు రెండూ అటే ఉన్నాయి. ఆదివారం దుకాణాలు మూసేస్తారు కాబట్టి శనివారమే రొట్టె, పండ్లు కొనిపెట్టుకోండి.

మా అబ్బాయి ఒక్కడే ఆ అడవుల్లో నడుస్తానంటున్నాడు. జంతువులుంటాయేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, తెనాలి

పులులూ ఎలుగుబంట్లూ అక్కడ లేవమ్మా. ఒకటీ అరా తోడేలు ఉన్నా మనిషిని చూస్తే తప్పుకుపోతుంది. భయపడాల్సింది మన పశువులకి పట్టే గోమార్ల లాంటి పురుగులకి. గడ్డిలోంచి కాలికి ఎక్కి రక్తం పీలుస్తాయి. వాటివల్ల వచ్చే ఒక రకం మెదడు వాపుకి టీకా ఉంది. మూడు డోసులు, మొదటి రెండూ ప్రయాణానికి ముందే పడాలి. అంటే వేసవిలో నడవాలంటే చలికాలంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లమనండి. వాటివల్లే వచ్చే లైమ్ జ్వరానికి మాత్రం టీకా లేదు. రోజూ సాయంత్రం మోకాళ్ల వెనక, చంకల్లో, గజ్జల్లో వెతుక్కుని, పురుగు కనబడితే సన్నటి పట్టకారుతో వెంటనే లాగెయ్యాలి. తర్వాత రోజుల్లో అక్కడ ఎర్రటి వలయం పాకితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించుకోవాలి. ఆపదలో 112కి ఫోన్ చెయ్యాలి. లోయల్లో సిగ్నల్ ఉండదు, ఫోన్ రాలేదని కంగారు పడకండి.

శాకాహారిని. దారిలో తిండి దొరుకుతుందా?
– విద్యార్థిని, ఫ్రైబుర్గ్

కేజ్‌ష్పెట్స్‌లె, అంటే చీజ్ కలిపిన నూడుల్స్, దాదాపు ప్రతి చోటా ఉంటుంది. అయితే ‘మాంసం లేదు’ అన్న బంగాళదుంప సూప్‌లోనూ ష్పెక్, అంటే పంది మాంసపు ముక్కలు, తేలవచ్చు. ‘ఓనె ష్పెక్’ అని విడిగా చెప్పండి. అటుకులు, వేయించిన పల్లీలు, బెల్లం సంచిలో ఉంచుకోండి. అడవిలో పొయ్యి వెలిగించడం మాత్రం కుదరదు. అందుకు కట్టిన చోట్లలో తప్ప మంట నిషిద్ధం.

బాసెల్ స్విట్జర్లాండ్‌లో ఉంది కదా, వేరే వీసా కావాలా?
– భారత పాస్‌పోర్టుదారు, మ్యూనిక్

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ చెల్లుబాటులో ఉంటే అక్కర్లేదు. అదీ, పాస్‌పోర్టూ రెండూ వెంట ఉంచుకోండి. సరిహద్దు దాటకముందే ఫోన్‌లో రోమింగ్ ఆపెయ్యండి. స్విట్జర్లాండ్ ఈయూలో లేదు, బిల్లు గట్టిగానే రావచ్చు.