పంచదార మానినవారికి బెల్లం పథ్యమా?

"పంచదార పూర్తిగా మానివేశాను, బెల్లం కాఫీయే త్రాగుతున్నాను, అయినా రక్తంలో చక్కెర తగ్గడం లేదు" అని మధుమేహ రోగులు తరచుగా నాతో చెబుతుంటారు. ప్రకృతి సిద్ధమైన తీపి హాని చేయదన్న నమ్మకం మన ఇళ్ళలో బలంగా పాతుకుపోయింది. ఆయుర్వేదం పేరు చెప్పి దానిని పెంచినవారూ లేకపోలేదు.

మన శాస్త్రం షడ్రసాలలో మధుర రసాన్ని మొదట పేర్కొన్నది. అది ధాతువులను పోషించి బలాన్నిస్తుంది. మితిమీరితే కఫాన్ని, మేదస్సును పెంచుతుందని చెప్పినదీ ఆ శాస్త్రమే. చరక సంహిత చికిత్సా స్థానంలో ప్రమేహ కారణాలను వివరించినచోట కదలక కూర్చునే సుఖం, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యంతోపాటు బెల్లంతో చేసిన పదార్థాలు కూడా చేరి ఉన్నాయి. మధుమేహం ఆ ప్రమేహాలలో ఒకటి. కనుక బెల్లాన్ని మధుమేహానికి పథ్యంగా చెప్పడానికి చరకుని సాక్ష్యం దొరకదు.

ఆధునికుల లెక్క కూడా ఇంతే. 100 గ్రాముల పంచదారలో సుమారు 398 కేలరీలుంటే, బెల్లంలో సుమారు 383 ఉంటాయి. అనకాపల్లి బెల్లమైనా సరే, అందులో అధిక భాగం పంచదారలోని సుక్రోజే. కొన్ని ఖనిజాలు అదనంగా ఉన్న మాట నిజమే గాని, చెంచాడు బెల్లంతో లభించేది స్వల్పం. తేనెలోనూ ముప్పాతిక వంతుకు పైగా చక్కెరలే. ఔషధానికి అనుపానంగా కొద్దిగా తీసుకోవడం వేరు, గ్లాసుల కొద్దీ తేనెనీరు త్రాగడం వేరు. ప్రసంగవశాత్తు మరొక మాట: ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. బొటులిజమనే ప్రమాదకరమైన వ్యాధిని కలిగించే సూక్ష్మజీవుల బీజాలు అందులో ఉండవచ్చు.

అతిమధురం వేరు కూడా ప్రకృతి సిద్ధమైనదే. దానిని దీర్ఘకాలం అధికంగా వాడితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. రక్తపోటు ఉన్నవారు దగ్గుకు మంచిదని దానిని రోజూ నమలడం తగదు.

ఇక కృత్రిమమైనవి. 1879లో ఫాల్‌బెర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త తన చేతికంటిన తీపిని గమనించడంతో శాకరిన్ వెలుగులోకి వచ్చింది. అది పంచదారకంటే సుమారు 300 రెట్లు తీపి. 1965లో కనుగొన్న ఆస్పర్టేమ్ సుమారు 200 రెట్లు తీపి. ఆస్పర్టేమ్‌ను పాయసంలో వేసి ఉడికిస్తే తీపి పోతుంది. ఫినైల్ కీటోన్యూరియా అనే జన్మతః వచ్చే వ్యాధి గలవారికి అది నిషిద్ధం. 2023 జూలైలో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ ఆస్పర్టేమ్‌ను కేన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చునన్న వర్గంలో చేర్చగా, అప్పుడే ఆహార సంకలితాల నిపుణుల సంఘం, శరీర బరువులో కిలోకు 40 మిల్లీగ్రాముల దినపరిమితిని మార్చనవసరం లేదన్నది. రోజుకు రెండు మూడు మాత్రలు కాఫీలో వేసుకునేవారు ఈ పరిమితికి చాలా దూరంలోనే ఉంటారు.

ఈ మాత్రలు రక్తంలో చక్కెరను నేరుగా పెంచవు. కాని బరువు తగ్గడానికి వీటిపై ఆధారపడవద్దని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది (ఇదివరకే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదు). నేను చూసినంతలో చిక్కు మరొకచోట ఉన్నది. మాత్ర వేసిన కాఫీ త్రాగామన్న ధైర్యంతో రెండు మైసూరుపాకులు తినేవారే ఎక్కువ! "షుగర్ లేదు" అని వ్రాసిన బిస్కత్తులోనూ మైదా, కొవ్వు ఉంటాయి. కాఫీలో వారానికి పావు చెంచా చొప్పున తీపి తగ్గించుకుంటూ వస్తే నాలుక కొద్దికాలానికి అలవాటు పడుతుంది. నా సలహా ఇదే.

మందులు, ఇన్సులిన్ వాడే రోగి ఇంటివారు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. చెమటలు, వణుకు, తడబాటు కలిగి చక్కెర పడిపోయినప్పుడు తీపి మాత్ర ఎందుకూ కొరగాదు. స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి వెంటనే త్రాగించాలి. స్పృహ లేకుంటే నోట ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.