మ్యూట్ స్విచ్ పోతే ఏం పోయింది? టాంజిబుల్ ఇంటరాక్షన్ డిజైన్ చదవాలనుకునేవాళ్ల కోసం

2023లో ఐఫోన్ 15 ప్రో నుంచి యాపిల్ మ్యూట్ స్విచ్ తీసేసి యాక్షన్ బటన్ పెట్టింది. ఒకే బటన్‌కి టార్చ్, కెమెరా ఏదైనా సెట్ చేసుకోవచ్చు కాబట్టి చాలామందికి అది అప్‌గ్రేడే. నాకు మాత్రం నచ్చలేదు. పాత స్విచ్‌ని జేబులోనే తడిమితే చాలు, ఫోన్ సైలెంట్‌లో ఉందో లేదో వేలికి తెలిసిపోయేది. కొత్త బటన్ ఏ మోడ్‌లోనైనా ఒకేలా తగులుతుంది. వన్‌ప్లస్ అలర్ట్ స్లైడర్ వాడినవాళ్లకి నేను చెప్పేది ఈజీగానే అర్థమవుతుంది.

ఇలాంటి తేడాల్ని సీరియస్‌గా చదివే సబ్జెక్టే టాంజిబుల్ అండ్ ఎంబాడీడ్ ఇంటరాక్షన్ డిజైన్. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తూనే డిజైన్‌లో మాస్టర్స్‌కి ప్రిపేర్ అవుతున్నా, దీనికోసమే.

ఎంఐటీ మీడియా ల్యాబ్‌కి చెందిన హిరోషి ఇషీ, బ్రిగ్ ఉల్మర్ 1997లో 'టాంజిబుల్ బిట్స్' అనే పేపర్ రాశారు. ఇషీ చెప్పే ఉదాహరణ అబాకస్. పూసని జరపడమే ఇన్‌పుట్, పూస ఆగిన చోటే అవుట్‌పుట్. విడిగా డిస్‌ప్లే అక్కర్లేదు. మ్యూట్ స్విచ్ చేసిన పనీ అదే కదా!

నా ఫేవరెట్ మాత్రం అంతకంటే ముందుది. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో 1992లో డ్యూరెల్ బిషప్ ఒక ఆన్సరింగ్ మెషీన్ డిజైన్ చేశాడు. మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ఒక గోలీ బయటికొస్తుంది. ఎన్ని గోలీలుంటే అన్ని మెసేజ్‌లు. గోలీని మెషీన్‌పై ఉన్న గుంటలో పెడితే మెసేజ్ వినిపిస్తుంది, ఫోన్ మీద పెడితే ఆ మనిషికే కాల్ వెళ్తుంది. మాన్యువల్ చదవాల్సిన పనే లేదు.

'ఎంబాడీడ్' అనే మాట కొంచెం కష్టం. పాల్ డౌరిష్ 2001లో దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. నాకు అర్థమైంది ఇది: మన ఒళ్లు, అలవాట్లు, చుట్టూ ఉన్న మనుషులు కూడా ఇంటర్‌ఫేస్‌లో భాగమే. ఫ్లిప్ టు మ్యూట్ తీసుకోండి. రింగవుతున్న ఫోన్‌ని టేబుల్ మీద బోర్లా పెడితే రింగ్ ఆగుతుంది, "నీ మాటే వింటున్నా" అని ఎదుటివాళ్లకీ తెలుస్తుంది. అదే స్క్రీన్ మీద నొక్కితే, మనం మళ్లీ ఫోన్‌లోకి దూరినట్టే కనిపిస్తుంది.

ఇక చదువు. ఇందులో కోడ్ చివర్లో వస్తుంది, మనలాంటి బీటెక్ వాళ్లకి చిరాకు పుట్టేది అక్కడే. ముందు అట్ట, థర్మోకోల్, బంకమట్టితో మోడల్ చేస్తారు. సెన్సర్ లేకుండానే టెస్ట్ కూడా చేసేయొచ్చు: యూజర్ మోడల్‌ని తిప్పుతుంటే, తెర వెనక ఒకరు కూర్చుని సౌండ్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. దీన్ని విజర్డ్ ఆఫ్ ఓజ్ పద్ధతి అంటారు. అది పనిచేశాకే ఆర్డ్యూయినో బయటికి తీస్తారు.

మన దగ్గర ఐఐటీ బాంబేలోని ఐడీసీ, ఐఐటీ హైదరాబాద్ డిజైన్ డిపార్ట్‌మెంట్ ఎం.డిజైన్ ఇస్తున్నాయి. దారి సీడ్ ఎగ్జామ్. బీటెక్ ఏ బ్రాంచ్ అయినా రాయొచ్చు, కానీ పార్ట్ బీలో స్కెచ్‌లు గీయాలి. బొమ్మలు రావంటే ఇప్పుడే పెన్సిల్ పట్టండి.

ఈ ఆదివారం ఇంట్లో ఒకటి ట్రై చేయండి. స్క్రీన్ లేని వాల్యూమ్ కంట్రోల్‌ని అట్టతో చేసి, ఏమీ చెప్పకుండా అమ్మ చేతికివ్వండి. "దీన్నేం చేయాలిరా?" అని అడిగితే ఇంకో అట్ట కత్తిరించండి.