డెబ్బై అయిదో నిమిషంలో చప్పట్లు

అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మనకూ వచ్చినట్లే. ఊరు మారుతుంది, బడి మారుతుంది, పక్కన కూర్చునే స్నేహితులు మారతారు. నాన్నగారికి ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని మన రాయబార కార్యాలయానికి బదిలీ అయినప్పుడు మేమిద్దరం అక్కాచెల్లెళ్లం అలాగే వెళ్లాం. అక్కడ మాట్లాడేది జర్మన్ భాష. "మూడేళ్లకు వెళ్లిపోయేవాళ్లం, మనకెందుకీ భాష?" అనుకుని మొదటి ఆరు నెలలూ నేర్చుకోనే లేదు. స్నేహితులూ దొరకలేదు. మా ఆలోచన మార్చింది ఒక ఫుట్‌బాల్ ఆట.

ఒక ఆదివారం పక్కింటి తాతగారు అమ్మను అడిగి మమ్మల్ని ఆటకు తీసుకెళ్లారు. ఆకుపచ్చ గీతతో గుర్తించే నాలుగో నంబరు మెట్రో ఎక్కి, చివరి స్టేషను హుట్టెల్‌డార్ఫ్‌లో దిగాం. రైలంతా ఆకుపచ్చ, తెలుపు మఫ్లర్లే! అవి రాపిడ్ జట్టు రంగులు.

దారిలో తాతగారు ఆ జట్టు కథ చెప్పారు. 1897లో వియన్నా కార్మికులు ఒక ఫుట్‌బాల్ సంఘం పెట్టుకున్నారు. 1899లో దానికి రాపిడ్ అని పేరు మార్చారు. ఆ జట్టులో గెర్హార్డ్ హనాపి అనే గొప్ప ఆటగాడు ఉండేవాడు. ఆస్ట్రియా తరఫున 93 మ్యాచ్‌లు ఆడాడు. ఆటతో పాటు చదువు కూడా సాగించి భవనాల రూపశిల్పి అయ్యాడు. 1977లో తెరిచిన రాపిడ్ స్టేడియానికి నమూనా గీసింది ఆయనే. ఆయన మరణించాక దానికి ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు అదే చోట 2016లో తెరిచిన కొత్త స్టేడియం ఉంది. సుమారు 28,000 మంది పడతారు.

ఆట మొదలైంది. ఫుట్‌బాల్‌లో 45 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో 15 నిమిషాల విరామం. రెండో భాగం సగం గడిచేసరికి మావాళ్లు 0–2తో వెనకబడ్డారు. ఇక అయిపోయిందనుకున్నాం. సరిగ్గా 75వ నిమిషంలో చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకే లయలో చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మాకేమీ అర్థం కాలేదు.

"ఇది రాపిడ్ ఫీర్టల్‌ష్టుండె" అన్నారు తాతగారు. ఫీర్టల్ అంటే పావు, ష్టుండె అంటే గంట. అంటే అచ్చంగా మన పావుగంట! చివరి పావుగంట మొదలవగానే చప్పట్లు కొట్టడం ఇక్కడ చాలా కాలంగా ఉన్న ఆనవాయితీ. గెలుస్తున్నా, ఓడుతున్నా కొట్టాల్సిందే.

"ఓడిపోతుంటే కూడా ఎందుకు?" అని అడిగాం. తాతగారు 1954 ప్రపంచ కప్ గురించి చెప్పారు. క్వార్టర్ ఫైనల్‌లో స్విట్జర్లాండ్ 3–0తో ముందుంది. హనాపి కూడా ఉన్న ఆస్ట్రియా జట్టు చివరికి 7–5తో గెలిచింది. ప్రపంచ కప్ చరిత్రలో ఒకే ఆటలో అన్ని గోల్స్ మరెప్పుడూ పడలేదు.

మేమూ చప్పట్లు కలిపాం. మావాళ్లు ఒక గోల్ కొట్టారు. "టోర్!" అని వేలమందితో పాటు మేమూ అరిచాం. మేము మనస్ఫూర్తిగా పలికిన మొదటి జర్మన్ మాట అదే. ఆట మాత్రం 1–2తో ఓడిపోయాం. అయినా ఎవరూ ముందుగా లేచి వెళ్లలేదు. ఆటగాళ్లు దగ్గరికొస్తే మళ్లీ చప్పట్లు కొట్టారు.

ఆ రోజు నేర్చుకున్న మాటలు కొన్ని:

ష్పీల్ – ఆట
టోర్ – గోల్. పెద్ద ద్వారాన్ని కూడా ఇలాగే అంటారు
షీడ్స్‌రిష్టర్ – రిఫరీ, అంటే తీర్పరి
ఫ్యున్ఫ్-ఉంట్-జీబ్‌త్సిగ్ – 75. మనం "డెబ్బై అయిదు" అంటాం. వాళ్లు "అయిదూ డెబ్బై" అంటారు

మర్నాడు బడిలో మేమే ముందుగా ఆట సంగతి ఎత్తాం. తప్పులతో మాట్లాడినా ఎవరూ నవ్వలేదు. గోల్ ఎలా పడిందో చెప్పమన్నారు. అలా స్నేహాలు మొదలయ్యాయి. మిగిలిన రెండున్నరేళ్లు ఎలా గడిచాయో తెలియలేదు. పోయిన ఆరు నెలల గురించే ఇప్పటికీ బాధ.

మిత్రులారా! మనం ఏ ఊళ్లోనైనా కొద్ది కాలమే ఉంటాం. "ఎలాగూ వెళ్లిపోతాం కదా" అని ఊరుకుంటే ఆ కొద్ది కాలమూ చేజారుతుంది. ఉన్నది పావుగంటే అయినా చప్పట్లు కొడదాం.