అంగస్తంభనకు ఇంజెక్షన్: ఎవరికి, ఎప్పుడు?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పెళ్లై ఏడాదైంది. అంగస్తంభన సరిగా ఉండటం లేదు. ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?
– ఓ పాఠకుడు, అప్పనపల్లి

జవాబు: తెల్లవారుజామున స్తంభన మామూలుగానే ఉంటే ఆందోళనే ప్రధాన కారణం కావచ్చు. ముందు షుగర్, బీపీ, టెస్టోస్టెరాన్ పరీక్షలు చేయించుకోండి. కౌన్సెలింగ్‌తో, డాక్టరు రాసిచ్చిన మాత్రలతో చాలామంది కుదుటపడతారు.

1980లలో వాడుకలోకి వచ్చిన ఈ ఇంజెక్షన్, మాత్రలు పనిచేయనివారికి, కొబ్బరిచెట్టు మీంచి పడటం లాంటి ప్రమాదాల్లో వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఉపయోగపడుతుంది. పాపావరిన్, ఆల్‌ప్రోస్టడిల్ వంటి మందును సన్నటి సూదితో అంగం పక్కభాగంలోకి ఎక్కిస్తారు. రక్తనాళాలు వదులై కాసేపట్లోనే స్తంభన వస్తుంది. అయితే ఇది ఆ పూటకే. జబ్బును నయం చేయదు.

రక్తనాళాలు బాగున్న యువకులకు తక్కువ మోతాదే సరిపోతుంది, ఎక్కువైతే ప్రమాదం. అందుకే తొలి డోసు యూరాలజిస్టు ఎదుటే తీసుకోవాలి. స్తంభన 4 గంటలు దాటినా తగ్గకపోతే సిగ్గుపడకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే శాశ్వత నష్టం జరగొచ్చు.