పొలము ఓర – పరదేశి

(సంఘ బైబిలు పాఠము)

పాఠ్యభాగములు: నిర్గమ. 1:8–14; లేవీ. 19:9, 10, 33, 34, ద్వితీ. 24:14–22, రూతు 2వ అధ్యాయము, యాకోబు 5:1–6.
కంఠస్థము చేయవలసిన వాక్యము: లేవీ. 19:34.



ఈ మాసపు పాఠము దూరదేశములో జరుగుచున్న ఒక వాదమును గూర్చినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పరదేశులను ఎందరిని రానీయవలెను, ఏ షరతులమీద రానీయవలెను, వారి రాకవలన ఆ దేశమునకు లాభమా నష్టమా అను వాదము వంద సంవత్సరములకు పైగా సాగుచున్నది. అక్కడి చట్టము మారిన ప్రతిసారి మన పల్లెలలో కొందరు తలిదండ్రులకు నిద్రపట్టదు. పొలము తాకట్టు పెట్టి కుమారుని చదువుకు పంపినవారున్నారు. కుమార్తె వీసా గడువు ఇంక ఎన్ని నెలలున్నదో వ్రేళ్లమీద లెక్కించు తల్లులున్నారు. కనుక ఇది మనకు పరాయి సంగతి కాదు.

ఆ వాదములో ఒకరు, పరదేశులు వచ్చి మా కూలి తగ్గించుచున్నారందురు. మరియొకరు, పరదేశులు లేనియెడల మా పంట కోయువారుండరందురు. ఇద్దరును లాభనష్టముల లెక్కయే వేయుచున్నారు. ఆ లెక్క అవసరమే. అయితే దేవుని వాక్యము ఆ లెక్కలో మనము మరచిపోవు ప్రశ్న నొకదానిని అడుగుచున్నది: పరదేశి కష్టమువలన లాభము పొందువాడెవడు? దాని భారము మోయువాడెవడు? ఈ ప్రశ్నను మనస్సులో ఉంచుకొని పాఠము చదువుడి.

1. తెరచిన ద్వారము, మూసిన ద్వారము

1842 జూలై 31వ తేదీని గుంటూరు చేరి అక్కడ లూథరను మిషను పని ఆరంభించిన హయ్యరు అయ్యగారి పేరు మనలో అనేకులకు తెలియును. ఆయన 1793లో జర్మనీలో పుట్టెను. బాలుడుగా నున్నప్పుడే, 1807లో, అమెరికా వెళ్లెను. అనగా మన యొద్దకు వచ్చిన ఆ అమెరికా మిషనరీ, ఆ అమెరికాలోను పరదేశియే. ఆయన వెళ్లిన కాలమున సముద్రము దాటి వచ్చువారికి ఇంతమందియే అను పరిమితి లేదు.

తరువాత ద్వారము కొంచెము కొంచెముగా మూయబడెను. 1882లో చీనా కూలీలు రాకుండ చట్టము చేసిరి. 1917లో మన దేశముతో కూడ ఆసియాలోని పెక్కు దేశములవారిని నిషేధించిరి. 1924లో ఏ దేశమునుండి ఎందరు రావచ్చునో కోటాలు నియమించి, ఉత్తర పశ్చిమ ఐరోపావారికే పెద్ద భాగమిచ్చిరి. 1946 చట్టము భారతీయులకు ఏటేట సుమారు నూరుమందికి మాత్రము చోటిచ్చెను. ఇంత పెద్ద దేశమునుండి ఏడాదికి నూరుమంది!

1965 అక్టోబరు 3వ తేదీని అధ్యక్షుడు జాన్సను సంతకము చేసిన చట్టము ఆ పాత కోటాలను తీసివేసెను. కుటుంబ బంధమును, చదువును, పనితనమును చూచి రానిచ్చు పద్ధతి వచ్చెను. తెలుగు వైద్యులును ఇంజనీర్లును ఆ ద్వారమున ప్రవేశించిరి. 1990 చట్టముతో హెచ్-1బి అను తాత్కాలిక ఉద్యోగ వీసా ఏర్పడెను. కంప్యూటరు పని పెరిగినకొలది ఆ మార్గమున వెళ్లినవారిలో మన తెలుగువారు చాలమంది.

అనుమతి లేక నివసించువారి సంగతి వేరు. అధ్యక్షుడు రీగను కాలములో, 1986లో చేసిన చట్టమువలన దాదాపు 27 లక్షలమందికి న్యాయముగా నివసించు హక్కు దొరికెను. 2013లో మరియొక పెద్ద సంస్కరణ బిల్లు సెనేటులో 68–32 ఓట్లతో నెగ్గెను. ప్రతినిధుల సభ మాత్రము దానిని చర్చకే తీసికొనలేదు. వాదము అట్లే నిలిచిపోయెను.

2. ఫరో వేసిన లెక్క

నిర్గమకాండము మొదటి అధ్యాయము 9, 10 వచనములు జాగ్రత్తగా చదువుడి. ఫరోకు రెండు భయములు కలవు. ఇశ్రాయేలీయులు మిక్కిలి విస్తరించుచున్నారను భయము ఒకటి. వారు దేశము విడిచి వెళ్లిపోవుదురను భయము మరియొకటి. వారుండుట అతనికి ఇష్టము లేదు. వారు పోవుటయు ఇష్టము లేదు. అతనికి వారి చేతులు కావలెను గాని ఆ చేతులుగల మనుష్యులు అక్కరలేదు. వెట్టిచాకిరి పుట్టినది ఈ లెక్కలోనుండియే.

ఈ లెక్క ఐగుప్తుతో చావలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942 ఆగస్టు నెలలో, అమెరికా మెక్సికో ప్రభుత్వములు ఒక ఒప్పందము చేసికొనెను. పొలము పనులకు మెక్సికోనుండి మగవారిని కొంతకాలమునకు రప్పించి మరల పంపివేయుదురు. వారికి బ్రాసెరోలని పేరు. అది స్పానిషు భాషలో చేయి అను అర్థముగల మాటనుండి వచ్చినది. పేరులోనే ఫరో లెక్క కనబడుచున్నది గదా! 1964 సంవత్సరాంతమువరకు దాదాపు 45 లక్షల ఒప్పంద పత్రములు వ్రాయబడెను. ఒకే మనుష్యుడు పలుమారులు వచ్చుటయు కలదు. ఆ సంవత్సరములలోనే, 1954లో, అనుమతి లేక వచ్చిన మెక్సికోవారిని ప్రభుత్వము పెద్ద ఎత్తున పట్టుకొని సరిహద్దు దాటించెను. ఒక చేత పిలుచుట, ఒక చేత గెంటుట.

తొలి సంవత్సరములలో బ్రాసెరోల కూలినుండి నూటికి పదివంతు పొదుపు పేరున పట్టుకొని మెక్సికో బ్యాంకులకు పంపిరి. అనేకులకు ఆ సొమ్ము చేతికి రాలేదు. ముసలితనములో దానికొరకు వారు వీధులలోను న్యాయస్థానములలోను పోరాడవలసివచ్చెను. యాకోబు 5:4 తీసి చదువుడి. కోత కోసినవాని కూలి ఆపుకొన్నవాడు అది అంతటితో సమసిపోయినదనుకొనును. ఆ కూలికి నోరున్నదనియు, దాని కేక దేవుని చెవిని చేరుననియు అపొస్తలుడు హెచ్చరించుచున్నాడు.

3. స్థానికుని కూలి పడిపోవునా?

ఇది బీదవాని ప్రశ్న. దానిని ద్వేషపు మాటయని కొట్టివేయరాదు. పెద్దలు దీనిని లెక్కలు కట్టి శోధించిరి. మూడు సంగతులు వినుడి.

మొదటిది: బ్రాసెరో పద్ధతిని నిలిపివేసినప్పుడు, ఇక స్థానికుల కూలి పెరుగునని తలంచిరి. 2018లో మైకేలు క్లెమెన్సును ఆయన తోడి పరిశోధకులును ప్రచురించిన లెక్కలలో అట్లు పెరిగిన జాడ కనబడలేదు. టమాటా పండించువారు మనుష్యులకు బదులు కోత యంత్రములను తెచ్చుకొనిరి.

రెండవది: 1980లో క్యూబాదేశపు మేరియెల్ రేవునుండి కొన్ని నెలలలోనే దాదాపు 1,25,000 మంది పడవలలో ఫ్లోరిడా చేరిరి. మయామి పట్టణములో పనివారి సంఖ్య నూటికి ఏడు చొప్పున పెరిగెను. డేవిడ్ కార్డు అను ఆర్థికవేత్త 1990లో దానిని పరిశీలించి, స్థానికుల కూలి చెప్పుకొనదగినంత తగ్గలేదనెను. జార్జి బోర్హాస్ అను మరియొకరు అదే సంగతిని తరువాత మరల తీసి, హైస్కూలు పూర్తిచేయనివారి కూలి బాగుగా పడిపోయెననెను. ఈ బోర్హాస్ కూడ క్యూబాలో పుట్టి వలస వచ్చినవాడే. పండితులలో ఈ తగవు ఇంకను తెగలేదు.

మూడవది: 2016లో ఆ దేశపు జాతీయ అకాడమీలు వెలువరించిన పెద్ద నివేదిక. దీర్ఘకాలములో మొత్తముమీద కూలిపై వలసల ప్రభావము బహు స్వల్పమని అది చెప్పెను. నష్టము కనబడినచోట అది ముందుగా వచ్చిన వలసవారిమీదను, హైస్కూలు చదువు పూర్తికానివారిమీదను ఎక్కువగా పడుననెను. మొదటి తరమువారి పిల్లల చదువునకు రాష్ట్ర, స్థానిక ప్రభుత్వములకు ఖర్చగును. ఆ పిల్లలే పెద్దవారై తాము పొందినదానికంటె ఎక్కువ పన్నులిచ్చువారిలో ముందువరుసలో ఉందురనియు చెప్పెను.

ఈ మూడును కలిపి చూచినయెడల మనకు తెలియునదేమి? మేలు దేశమంతట పంచబడును. కీడు ఉన్నచోట అది అడుగున ఉన్నవానిమీద పడును. ఇక్కడనే ధర్మశాస్త్రము మనకు దారి చూపును.

4. ఓర ఎవరి పొలములోనిది?

లేవీయకాండము 19:9, 10ను, ద్వితీయోపదేశకాండము 24:19–21ను కలిపి చదువుడి. కోతకాలమున పొలము ఓరలు విడువవలెను, మరచిన పన కొరకు తిరిగి పోరాదు. అది ఎవరికి? పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి. ఈ ముగ్గురి పేర్లు ఒక్కచోటనే వ్రాయబడినవి. స్థానికుడైన బీదవానిని పరదేశిమీదికి ఎగద్రోయుట ఇక్కడ లేదు. మరియు ఆ ఓర ఎవరి పొలములోనిది? విధవరాలి పాలునుండి తీసి పరదేశికి పెట్టుమని దేవుడు చెప్పలేదు. పొలముగలవాడే తన పంటలోనుండి విడువవలెను. కోతవలన లాభము పొందువాడే భారము మోయవలెను.

14, 15 వచనములు కూడ చూడుడి. కూలివాడు సహోదరుడైనను పరదేశియైనను అతని కూలి ఆ దినముననే ఇయ్యవలెను. ఇద్దరికి ఒకే న్యాయము. ఇందులో గొప్ప జ్ఞానమున్నది. పరదేశిని తక్కువ కూలికి పెట్టుకొనుటకు వీలు లేనప్పుడు, స్థానికుని తొలగించి అతనిని పెట్టుకొనుటకు హేతువుండదు. పరదేశి కూలికి కట్టిన కంచె స్థానికుని కూలికి కూడ కంచెయగును.

హెచ్-1బి వాదమును ఈ కొలతతో కొలువవచ్చును. ఆ వీసామీద వచ్చినవానికి, అటువంటి పనికి ఆ ప్రాంతములో చెల్లు జీతముకంటెను, తన యొద్ద అదే పని చేయువారికి యజమానుడు ఇచ్చు జీతముకంటెను తక్కువ ఇయ్యరాదని చట్టము. ఇది మంచి కంచె. అయితే పనివాని నివాసము యజమానునికి ముడిపడియున్నది. పని పోయినయెడల అతనికి దొరకు గడువు ఎక్కువలో ఎక్కువ 60 దినములు. స్థిర నివాసపు గ్రీను కార్డులలో ఒక్కొక్క దేశమునకు నూటికి ఏడువంతుల హద్దున్నందున మనవారు ఎన్నో సంవత్సరములు కనిపెట్టవలసియున్నది. అంతవరకు నోరెత్తుటకు భయము. నోరెత్తలేని పనివాడు చౌకయైన పనివాడగును. చౌకయైన పనివాడు పొరుగువాని కూలికి గండియగును. 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి దరఖాస్తులమీద లక్ష డాలర్ల రుసుము విధించుచు అధ్యక్షుని ప్రకటన వెలువడినప్పుడు, స్థానికునికి మేలని కొందరు, పనియే దేశము దాటిపోవునని కొందరు వాదించిరి. రుసుము హెచ్చించినను తగ్గించినను, పనివాని భయము తీరనంతవరకు ఆ గండి పూడదు.

రూతు 2వ అధ్యాయము ధర్మశాస్త్రము నడచిన పొలమును చూపుచున్నది. బోయజు ఓర విడుచుటతో ఆగలేదు. ఆమెను ఎవరును ముట్టకుండ తన పనివారికి ఆజ్ఞాపించెను. అతని తల్లి రాహాబు కూడ అన్యదేశస్థురాలే (మత్తయి 1:5). ఆ సాయంకాలము మోయాబీయురాలు యేరి తెచ్చిన యవలతో ఎవరి ఆకలి తీరెను? బేత్లెహేము విధవరాలైన నయోమి ఆకలి తీరెను. పరదేశి కష్టము స్థానికురాలి కుండలో అన్నమాయెను.

5. పరదేశి బాధ్యత

ఊరికి గుమ్మముండుట పాపము కాదు. నెహెమ్యా యెరూషలేము గుమ్మములు వేయించి కావలి పెట్టెను (నెహెమ్యా 13:19). పరదేశికిని స్వదేశికిని ఒకే చట్టమని లేవీ. 24:22 చెప్పుచున్నది గనుక, హక్కు ఒకటైనట్లే విధియు ఒకటే. వెళ్లిన పట్టణపు క్షేమము కోరి ప్రార్థించుట చెరలోనున్న యూదులకే విధింపబడెను (యిర్మియా 29:7). ఇష్టపడి వెళ్లినవారికి మరి ఎంత?

2019 జనవరిలో మిషిగాను రాష్ట్రమున ఒక సంగతి బయటపడెను. తరగతులు లేకుండ పేరు మాత్రము నమోదు చేసికొని అక్కడ నిలిచిపోవువారిని పట్టుటకు ప్రభుత్వమే ఒక బూటకపు విశ్వవిద్యాలయము పెట్టెను. చిక్కినవారిలో చాలమంది తెలుగు విద్యార్థులు. అటువంటి వల పన్నుట న్యాయమా అని అడుగవచ్చును. అయినను విశ్వాసులైన తలిదండ్రులారా, దొంగ సర్టిఫికెట్టుతో, అబద్ధపు బ్యాంకు కాగితముతో పిల్లలను పంపకుడి. అబద్ధముమీద వేసిన అడుగు బిడ్డను జీవితమంతయు భయమునకు అప్పగించును.

6. మన పొలము ఓర

అమెరికా ద్వారము మూయబడినప్పుడు మనము బాధపడుదుము. మంచిదే. అయితే మన గుమ్మమునొద్ద ఉన్నవారి మాట ఏమి? ఒడిషానుండి కుటుంబములతో వచ్చి మన ఇటుక బట్టీలలో పనిచేయువారున్నారు. బీహారునుండి వచ్చి తెలంగాణ పొలములలో నాట్లు వేయువారున్నారు. మయామిలో వినబడిన మాటలే మన రచ్చబండ యొద్దను వినబడుచున్నవి: వారు వచ్చి మన కూలి చెడగొట్టిరని కొందరు, వారు చౌకగా దొరకుదురని కొందరు. ఇద్దరిలో ఎవరును వారి పేరు అడుగలేదు.

వారికిచ్చు కూలి మనవారికిచ్చు కూలితో సమానమా? అడ్వాన్సు పేరున వారిని కదలకుండ కట్టివేసితిమా? వారి పిల్లలు బడికి పోవుచున్నారా? ఆదివారమున వారిలో ఎవరైన మన గుడి మెట్లెక్కినయెడల చాప పరచితిమా? పరదేశియై వచ్చిన ప్రభువు తన్ను చేర్చుకొంటిరా లేదా అని అడుగు దినమున (మత్తయి 25:35, 43) ఏ దేశపు చట్టమును మనకు సాకు కాజాలదు.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. ఫరోకు గల రెండు భయములేవి? అవి నేడు ఎక్కడ కనబడుచున్నవి?
2. పరదేశి కూలిని కాపాడుట స్థానికుని కూలిని ఎట్లు కాపాడును?
3. మన ఊరిలో పరదేశుల పనివలన లాభము పొందువారెవరు? వారు విడుచుచున్న ఓర ఏది?
4. దూరదేశముననున్న మన పిల్లలకు వ్రాయునప్పుడు ఆ దేశపు బీదలను గూర్చి ఏమి వ్రాయుదుము?

ప్రార్థన

పరదేశులను కాపాడు తండ్రీ, దూరదేశములో భయముతో బ్రతుకు మా బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. పని పోవునని దిగులుపడు ఆ దేశపు బీదలను కూడ జ్ఞాపకము చేసికొనుము. చట్టములు చేయువారికి న్యాయమైన మనస్సు నిమ్ము. మా పొలము ఓరను మేము దొంగిలింపకుండ మా చేతులను ఆపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.