గుంటలో దిగితే సగం నేత

ప్రశ్న: సార్, నాది ప్రొద్దుటూరు. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తా. తొమ్మిదికి ల్యాప్‌టాప్ తెరుస్తానా, అమ్మ కూరగాయలు తెమ్మంటుంది. గ్యాస్ బండ వస్తుంది, మామ వస్తాడు. ఇంట్లో ఉన్నోడు ఖాళీగా ఉన్నట్టే అని అందరి లెక్క. మధ్యలో ఫోను. అసలు పని మొదలయ్యేసరికి సాయంత్రం ఐదు, ముగిసేసరికి అర్ధరాత్రి. దారేమిటి?

జవాబు: ఇదేదో కొత్త జబ్బు అనుకుంటున్నావు నాయనా. మీ ఊళ్లో, జమ్మలమడుగులో నేతగాళ్ల ఇళ్లల్లో తరతరాలుగా జరిగింది ఇంటి నుంచి పనే. అక్కడా చుట్టాలు వచ్చారు, పిల్లలు ఏడ్చారు. అయినా మగ్గం మీది నుంచి చీర దిగింది. ఎట్లా దిగిందో ఒకసారి గుంటమగ్గం ఉన్న ఇంటికి పోయి చూడు. నేసే మనిషి కాళ్లు గుంటలో, ఒడి ముందు దోనెకు చుట్టుకుంటున్న బట్ట, చేతిలో నాడె ఆట. ఆ మనిషిని ‘అంగడికి పోయిరా’ అని ఎవరూ అనరు. లేవడం ఎంత పనో చూసేవాళ్లకే తెలుస్తుంటుంది. నువ్వేమో మంచం మీద, ఒళ్లో దిండు, దిండు మీద ల్యాప్‌టాప్. పనిలో ఉన్నావో సినిమా చూస్తున్నావో మీ అమ్మకు తెలిసేదెట్లా? నీకే సరిగ్గా తెలియదు.

కాబట్టి ముందు ఒక గుంట చూసుకో. ఇంట్లో ఒక మూల, గోడవైపు మొహం, ఒక కుర్చీ. అక్కడ తిండి తినొద్దు, సినిమా చూడొద్దు. ఫోను వంటింట్లో పెట్టు. అక్కడ కూర్చున్నప్పుడు కదపొద్దని ఇంట్లో చెప్పు, పదకొండున్నరకు లేస్తానని కూడా చెప్పు. లేచే గంట చెప్పకుండా కదపొద్దంటే ఏ అమ్మా వినదు.

రెండోది నేతగాళ్ల దగ్గరే నేర్చుకోవాల్సింది, అచ్చు అతకడం. పడుగు అయిపోవచ్చినప్పుడు దాన్ని చివరిదాకా లాగేసి ఊడదీయరు. పాత పోగుల కొసలు అచ్చులో అట్లాగే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. అన్ని పోగులూ మళ్లీ మొదటి నుంచి ఎక్కించే బాధ తప్పుతుంది. నువ్వు కూడా రాత్రి పని ఆపేటప్పుడు ఒక కొస వదిలిపెట్టు. రేపు ముట్టుకోవాల్సిన మొదటి పని చీటీ మీద రాయి. ‘ప్రాజెక్టు చూడాలి’ అని కాదు, ‘మూడో ఫైలులో ఫలానా తప్పు దిద్దాలి’ అని. కూర్చోగానే ఏం చేయాలో తోచకనే చెయ్యి ఫోను మీదికి పోతుంది. మగ్గం ఇళ్లల్లో నాడెలోకి కండెలు ముందే చుట్టి పెట్టుకునేది అందుకే. ఆ కండెలు చుట్టిన ఆడవాళ్లకు, ముసలివాళ్లకు కూలి ఎవరు కట్టారనేది వేరే కథ.

ప్రశ్న: పులివెందులలో గుమాస్తాను. శ్రావణంలో గండికి పోయి వీరాంజనేయస్వామికి మొక్కుకున్నా, ఏ రోజు కాగితాలు ఆ రోజే తేల్చేస్తానని. పన్నెండు రోజులు సాగింది. పదమూడో రోజు పెండ్లికి పోయినా, అంతే, మళ్లీ కట్టలు కట్టలు. 21 రోజులు చేస్తే అలవాటవుతుందంటారే!

జవాబు: మొక్కు సంగతి పూజారిని అడగండి, 21 రోజుల సంగతి నేను చెప్తా. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో ఒక పుస్తకం రాశాడు. ఆపరేషన్ తర్వాత కొత్త మొహానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందన్నాడు. ‘కనీసం’ అన్న మాటను జనం మింగేశారు. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, కొత్త అలవాటు కుదురుకోవడానికి పట్టే కాలం సుమారు 66 రోజులని తేలింది. ఒకరికి 18, మరొకరికి 254. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా చెడిందేమీ లేదు కూడా. శ్రావణంలో ఒక శనివారం తప్పినవాళ్లు పై శనివారం గండికి పోవడం మానుకుంటున్నారా? పాపఘ్ని ఒడ్డున ఆ జనాన్ని చూశారు కదా.

మీ మొక్కే పెద్దదైంది. టీ గ్లాసు కింద పెట్టగానే పైనున్న మూడు కాగితాలు, ముందు అంతవరకే చాలు. పెండ్లి మరుసటి రోజు కూడా టీ తాగుతారు గదా.

ప్రశ్న: ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుతున్నా. రిపోర్టు ఎంత దిద్దినా తృప్తి ఉండదు. గడువు దాటిపోతూనే ఉంటుంది.

జవాబు: గండి మీకు దగ్గరే కదమ్మా. రాముడు లంక నుంచి తిరిగి వస్తూ కొండరాతి మీద బాణం మొనతో ఆంజనేయుణ్ణి గీశాడనీ, చిటికెన వేలు ఒక్కటి మిగిలిపోయిందనీ స్థలపురాణం. అవతల భరతుడు గడువు లెక్కపెట్టుకుంటున్నాడు, దాటితే నిప్పుల్లో దూకుతానన్నాడు. వేలు కోసం ఆగితే తమ్ముడు దక్కడు. తర్వాత శిల్పులు ఆ వేలు పూర్తిచేయబోతే ఉలి తగిలి నెత్తురు కారిందంటారు.

గురువారం సాయంత్రం ఐదుకు మీ సారుకు పంపెయ్. వేలు లేకుండానే పంపు. ఆయన అడిగితే అప్పుడు చూద్దాం.