సదాతురులు: చరకసంహితలోని ఒక ఘట్టము, గోనెగండ్ల ప్రాంత జీవనము

ఆరోగ్యరక్షణకు సంబంధించిన ప్రాచీన నియమములను వివరించునప్పుడు అష్టాంగహృదయము సూత్రస్థానములోని 2వ అధ్యాయమును ఉదాహరించుట పరిపాటి. బ్రాహ్మీముహూర్తమున మేల్కొనుట మొదలుకొని దంతధావనము, అభ్యంగము, వ్యాయామము, స్నానము అందు వరుసగా చెప్పబడినవి. ఆ వరుస తీరిక గలవానికి తగినది. తీరిక లేనివాడు ఏమి చేయవలెనను ప్రశ్నకు సమాధానము మాత్రము పాఠకుల దృష్టి అంతగా పడని వేరొక చోట, చరకసంహిత సిద్ధిస్థానము 11వ అధ్యాయమున లభించుచున్నది.

ఎల్లప్పుడు రోగులై యుండువారు ఎవరని అచ్చట అగ్నివేశుడు గురువును ప్రశ్నించును. ఆత్రేయుడు నలుగురిని పేర్కొనును. శ్రోత్రియుడు వేదాధ్యయనము, వ్రతములు, ఆహ్నికములు వీనియందు మునిగి దేహహితమును పట్టించుకొనడు. రాజసేవకుడు ప్రభువు మనస్సును కనిపెట్టి యుండుట చేతను, పలు చింతల చేతను, భయము చేతను చెడును. వేశ్య పరుల చిత్తమునకు లోబడి యుండును. వర్తకుడు సదా కూర్చుండి యుండుట చేతను, క్రయవిక్రయ లోభము చేతను రోగియగును. (ఈ పట్టికలో మొదటి స్థానము శ్రోత్రియునిదే యగుట ప్రాచ్య కళాశాలల అధ్యాపకులు గమనింపదగిన విషయము.) నలుగురికిని సమానమైన దోషములు రెండు: వచ్చిన వేగములను ఆపుకొనుట, కాలమునకు భుజింపకుండుట. ఇట్లు ప్రవర్తించు ఇతరులును సదాతురులే యని ఆత్రేయుడు చేర్చుట వలన పట్టిక నలుగురితో ముగియలేదు.

ఈ ఘట్టమున రెండు అంశములు విశేషముగా కనబడును. ఉమ్మడి కారణములలో వ్యాయామలోపము పేర్కొనబడలేదు. కాలభోజనము తప్పుటయే పేర్కొనబడినది. రెండవది, వర్తకుడు అంగడిని మూసివేయవలెనని గాని, సేవకుడు కొలువు మానవలెనని గాని ఆత్రేయుడు చెప్పలేదు. వృత్తిని వృత్తిగా అంగీకరించి, వేగధారణము వలన ప్రకోపించిన వాతమునకు ముందుగా ఫలవర్తిని, తరువాత వస్తులను విధించినాడు.

ఈ దృష్టితో నేటి పడమటి కర్నూలును పరిశీలించినచో ఆ 'ఇతరులు' ఎవరో తేలికగా తెలియును. కర్నూలు నుండి ఎమ్మిగనూరుకు పోవు దారిలో, హంద్రీ నదిపై గాజులదిన్నె జలాశయమునకు సమీపమున గోనెగండ్ల కలదు. ఒకవైపు ఆదోని పత్తి మార్కెట్టు. మరియొకవైపు 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరు. పత్తి వర్తకుడు చరకుని పణ్యజీవియే. గుంటమగ్గముపై నేతగాని స్థితి కొంత భిన్నము. కాళ్ళు తొక్కుచుండును, చేయి నాడెను ఆడించుచుండును. కూర్చున్న చోటు మాత్రము కదలదు. చేలలో పత్తి తీయు కూలీ, పనులు లేని కాలమున సుగ్గికని మిరపకోతలకు గుంటూరు వైపు పోవు కుటుంబము వీరికి పూర్తిగా వ్యతిరేకము. వారికి కదలికకు కొరత లేదు.

అట్లయినచో ఆ కూలీకి వ్యాయామము సిద్ధించినట్లేనా? శాస్త్రమును బట్టి కాదనియే చెప్పవలెను. స్థైర్యమును బలమును పెంచునదియై, ఇష్టమైన శరీరచేష్టయే వ్యాయామమనియు, దానిని మాత్రతో చేయవలెననియు చరకుడు సూత్రస్థానము 7వ అధ్యాయమున నిర్వచించినాడు. సుశ్రుతుడు చికిత్సాస్థానము 24వ అధ్యాయమున ఆ మాత్రకు గుర్తు చెప్పినాడు: హృదయమందలి వాయువు నోటికి వచ్చుట, అనగా నోటితో ఊపిరి తీయవలసి వచ్చుట, సగము బలము వ్యయమైనదనుటకు లక్షణము. అచ్చట ఆగవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి సూచనలలో పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమశ్రమను విధించినది. అది గడియారపు కొలత. సుశ్రుతునిది శ్వాస కొలత. దినమంతయు నడుము వంచి ఆ హద్దును దాటిన కూలీకి కావలసినది మరల వ్యాయామము కాదు, శ్రమహరమని వాగ్భటుడు చెప్పిన అభ్యంగము, విశ్రాంతి. గుమాస్తాకును వర్తకునికిని మాత్రము నడక తప్పదు.

కాలభోజనము సంగతి ఈ ప్రాంతమున మరింత చిక్కైనది. పత్తి తీత, అమ్మకము ముమ్మరముగా సాగునది శరత్తు చివర నుండి హేమంత శిశిరముల వరకు. అర్ధశక్తి వ్యాయామమునకు వాగ్భటుడు నిర్దేశించిన కాలము శీతకాల వసంతములు. జఠరాగ్ని బలముగా నుండు ఋతువును హేమంతమే; తగిన ఇంధనము లభింపని అగ్ని దేహరసమునే హరించునని చరకుడు సూత్రస్థానము 6వ అధ్యాయమున హెచ్చరించినాడు. కావున వేళకు తినుట ఎక్కువ అవసరమైన నెలలలోనే వర్తకునికిని కూలీకిని మధ్యాహ్నభోజనము వాయిదా పడుచున్నది. పూటకొక గ్లాసు టీతో ఆకలిని అణచుకొనుట ఇంధనము వేయుట కాజాలదు.

ఇక ఏమి తినవలెను? 1983లో 2 రూపాయలకు కిలో బియ్యము పథకము వచ్చిన తరువాత పేదల కంచములలో వరియన్నము పెరిగి, జొన్నరొట్టె, కొర్రన్నము తగ్గినవి. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా పాటించిన పిదప పట్టణములలో ఇవి మరల గౌరవము పొందినవి. ఇచ్చట తొందరపాటు తగదు. చరకుడు శ్యామాక కోరదూషములను లఘువులనియు, వాతమును పెంచునవనియు, సంగ్రాహులనియు, అనగా మలమును బంధించునవనియు చెప్పి, జూర్ణాహ్వమును శ్యామాకముతో సమానగుణము గలదిగా పేర్కొనెను. జూర్ణాహ్వమును జొన్నగా గ్రహించినచో, సదా కూర్చుండి వేగములను ఆపుకొనువాడు ఒట్టి జొన్నరొట్టెతో సరిపెట్టుకొనుట అతని రోగమునే పోషించును. గోనెగండ్ల ఇండ్లలో రొట్టెకు తోడుగా వేరుశనగ చట్నీ, పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉండుట ఈ దోషమునకు విరుగుడు. కొర్ర విషయము వేరు. అష్టాంగహృదయము ప్రియంగువును బృంహణమనియు, గురువనియు, విరిగిన ఎముకలను అతుకునదనియు తృణధాన్యములలో ప్రత్యేకించినది. అన్ని చిరుధాన్యములను ఒకే గాట కట్టుట శాస్త్రసమ్మతము కాదు.

అలవాటైన ఆహారమును ఒక్కసారిగా విడుచుటను కూడ చరకుడు అంగీకరింపడు. అహితమును పాదాంశక్రమమున తగ్గించుచు, హితమును అదే పాళ్ళలో చేర్చుచు, నడుమ ఒకటి, రెండు, మూడు దినముల వ్యవధి నిచ్చుట సూత్రస్థానము 7వ అధ్యాయములోని పద్ధతి. మూడు పూటలు వరియన్నమే తిను ఎమ్మిగనూరు నేతగాడు మొదట అందులో నాలుగవ వంతు తీసి కొర్రన్నము కలుపుకొనును. మార్పు ఒంటికి పట్టిన తరువాతనే రెండవ పాదము. నాలుగవ వంతును భరింపలేనివానికి వాగ్భటుడు పాదములో పాదమును, అనగా పదునారవ వంతును అనుమతించినాడు. దినమునకు నాలుగు గుప్పెళ్ళ బియ్యము తిను ఇంట అది పావు గుప్పెడు.